చెట్టు చాటున మెట్లు



మాస్టారి పేరిట జరిగే ఈ స్మారకోపన్యాసానికి నన్ను పిలిచినవారు విషయం నా ఇష్టానికే వదిలేశారు. వెతుక్కోవలసిన అవసరం రాలేదు. ఆర్కిటెక్చర్‌లో ఎం.ఆర్క్. చదివిన రెండేళ్ళలో ఆయన మాకు చాలా సంగతులు చెప్పారుగానీ, పట్టుబట్టి నేర్పింది ఒకటే. గీసిన చెయ్యే ఆ గీతను తూచుకోవాలి. ఈ రోజుల్లో దాన్ని స్వీయ మూల్యాంకనం అంటున్నాం. పాఠ్యప్రణాళికలో దానికొక గడి ఉంది, ఆ గడికి కొన్ని మార్కులున్నాయి. మాస్టారి దగ్గర గడీ లేదు, మార్కులూ లేవు. బయటి నిపుణులు మా డ్రాయింగులకు తీర్పు చెప్పే జూరీకి ముందు రోజు సాయంత్రం స్టూడియోకి వచ్చి, షీటు తిరగేసి, వెనక వైపు పెన్సిలుతో ఒక్క ప్రశ్నకు జవాబు రాయమనేవారు. ఇందులో నీకు నమ్మకం కుదరని చోటు ఏది? రాసినది ఆయన ఒక్కరే చదివేవారు. జూరీలో ఆ ఊసెత్తేవారు కాదు.

నా థీసిస్ షీటు వెనక నేను అబద్ధం రాశాను.

నేను తీసుకున్నది జిల్లా కేంద్ర గ్రంథాలయం. కింద పిల్లల విభాగం, పైన పెద్ద పఠన మందిరం, రెంటినీ కలుపుతూ మలుపు తిరిగే మెట్లు. ఆ మలుపు దగ్గర పై అంతస్తు బీమ్ అడ్డొచ్చింది. కొలిస్తే మెట్టు మీది నుంచి బీమ్ అడుగు దాకా అయిదున్నర అడుగులే. మామూలు ఎత్తున్న మనిషి తల వంచుకుని ఎక్కాలి, పరధ్యానంగా ఎక్కితే నుదురు పగులుతుంది. అది కనిపెట్టేసరికి జూరీకి మూడు రాత్రులుంది. మెట్లు జరిపితే పిల్లల విభాగం పోతుంది, బీమ్ జరిపితే పై హాలు ఆకారం చెడుతుంది. మొత్తం విప్పి మళ్ళీ అల్లుకోవాలి. విప్పలేదు. భవనాన్ని నిలువునా కోసి చూపే సెక్షన్ డ్రాయింగులో సరిగ్గా ఆ మెట్ల ముందు ఒక నిద్రగన్నేరు చెట్టు గీశాను. ఆకు ఆకూ ఇంకుతో వేశాను. మెట్లు చెట్టు చాటుకు వెళ్ళిపోయాయి. షీటు వెనక మాత్రం, పడమటి కిటికీల గురించి ఇంకా ఆలోచించాలి అని రాశాను. ఏ భవనం గురించైనా రాయగలిగిన, ఎవరినీ నొప్పించని మాట.

జూరీకి వచ్చిన నిపుణుల్లో ఒకరు ఆ చెట్టును మెచ్చుకున్నారు. భవనానికీ చెట్టుకీ మధ్య చక్కని పొత్తు కుదిరిందన్నారు. మార్కులు బాగా వచ్చాయి. అందరూ వెళ్ళాక మాస్టారు షీటు ముందు కాసేపు నిలబడి, "అమ్మాయ్, ఆ చెట్టు అక్కడెందుకు నాటావు?" అని అడిగారు. "నీడ కోసం సార్" అన్నాను. ఆయన తల ఊపి వెళ్ళిపోయారు. మెట్లు ఆయనకు కనబడ్డాయని నాకు అప్పుడే అర్థమైంది. అడిగినప్పుడు నిజం చెప్పే అవకాశం వచ్చిందనీ, దాన్ని పోగొట్టుకున్నాననీ అర్థం కావడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది.

ఈ కథతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. విద్యార్థికి తన తప్పు కనబడదని, కనబడేలా చేయడానికే మనం ఉన్నామని అధ్యాపకులం నమ్ముతాం. కాకిపిల్ల కాకికి ముద్దు అన్న సామెత స్టూడియోలో నేనూ చాలాసార్లు వాడాను. బి.ఆర్క్. మొదటి ఏడాది పిల్లల విషయంలో అది కొంత నిజమే. కానీ అయిదేళ్ళ బి.ఆర్క్. ముగించి, ఆఫీసుల్లో పనిచేసి, మళ్ళీ చదువుకోడానికి వచ్చినవాళ్ళ సంగతి వేరు. నాన్సీ ఫాల్చికోవ్, డేవిడ్ బౌడ్ అనే ఇద్దరు విద్యా పరిశోధకులు, ఉన్నత విద్యలో స్వీయ మూల్యాంకనంపై అప్పటిదాకా జరిగిన అధ్యయనాలను కలిపి పరిశీలించి 1989లో ఒక వ్యాసం ప్రచురించారు. చదువు పైమెట్లకు వెళ్ళేకొద్దీ విద్యార్థి తన పనికి కట్టుకునే విలువ, అధ్యాపకుడు కట్టే విలువకు దగ్గరవుతుందని అందులో తేల్చారు. నా అనుభవమూ అదే. ఎం.ఆర్క్. విద్యార్థికి తన డ్రాయింగులో నొప్పి ఎక్కడుందో తెలుసు. అయితే ఆ నొప్పి చెప్పుకోడానికి మన కళాశాలల్లో చోటు లేదు. నేను ఈ పూట చెప్పదలచుకున్నది ఇదొక్కటే.

చోటెందుకు లేకుండా పోయిందో తెలియాలంటే జూరీ ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి. పారిస్‌లోని ఎకోల్ దే బోజార్ అనే కళాశాల పోటీల్లో విద్యార్థిని ముందు ఒక చిన్న గదిలో ఒంటరిగా కూర్చోబెట్టేవారు. 12 గంటల్లో తన ఆలోచనను చిన్న చిత్తుపటంగా గీసి అప్పగించాలి. ఆ తర్వాత వారాల తరబడి దాన్ని పెద్ద షీట్ల మీద తీర్చిదిద్దవచ్చు, కానీ మొదటి చిత్తుపటంలోని మూలభావం నుంచి పక్కకు జరిగితే పోటీ నుంచి తప్పించేవారు. ఈ పద్ధతిలో నాకు ఎప్పుడూ భయం గొలిపే విషయం ఇదే. మధ్యలో తన పొరపాటు తాను తెలుసుకున్నవాడికి అక్కడ శిక్ష పడుతుంది, తెలుసుకోనివాడు గట్టెక్కుతాడు. చివరి రోజున డ్రాయింగులు మోసుకెళ్ళే తోపుడు బండిని వాళ్ళ భాషలో షారెట్ అనేవారు. ప్రపంచంలో చాలాచోట్ల ఆర్కిటెక్చర్ చదివేవాళ్ళు ఇవాళ్టికీ సబ్మిషన్ ముందరి హడావిడికి ఆ బండి పేరే వాడతారు. బండి వెళ్ళాక తలుపులు మూసి తీర్పు చెప్పేవారు. విద్యార్థి లోపల ఉండేవాడు కాదు. ఏ కారణంతో గెలిచాడో, దేనికి ఓడాడో వినే వీలు లేదు.

అమెరికా కళాశాలలు ఆ పద్ధతిని తెచ్చుకున్నాయి. 1916లో న్యూయార్క్‌లో ఏర్పడిన బోజార్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కు దేశం నలుమూలల నుంచి డ్రాయింగులు వెళ్ళేవి, అక్కడే తీర్పు జరిగేది. తర్వాతి కాలంలో తలుపులు తెరిచారు, విద్యార్థిని లోపలికి పిలిచి షీట్ల పక్కన నిలబెట్టారు. మంచి మార్పే. కానీ నిలబడ్డ మనిషి పాత్ర మారలేదు. వాదించి గెలవాలి. తలుపు మూసి ఉన్నప్పుడు మౌనంగా ఉండేవాడు, తలుపు తెరిచాక వకీలయ్యాడు. తన డ్రాయింగుకు తానే వకీలైనవాడు లోపం ఒప్పుకుంటే కేసు పోతుంది. క్యాథ్రిన్ ఆంథొనీ 1991లో వెలువరించిన పుస్తకానికి పేరే జూరీలపై విచారణ అని అర్థం వచ్చేలా పెట్టారు. విద్యార్థులతో, అధ్యాపకులతో, వృత్తిలో ఉన్నవారితో మాట్లాడి రాసిన పుస్తకం అది. చివరి జూరీలో విద్యార్థికి దక్కే చదువు తక్కువని, భయమూ అలసటా ఎక్కువని అందులో కనిపిస్తుంది. 2002లో అమెరికా ఆర్కిటెక్చర్ విద్యార్థుల సంఘమే స్టూడియో సంస్కృతిని మార్చాలని ఒక నివేదిక తెచ్చింది. 2004లో అక్కడి కళాశాలల గుర్తింపు సంస్థ, ప్రతి కళాశాల తన స్టూడియో నడవడిక గురించి లిఖితపూర్వక విధానం పెట్టుకోవాలని నిబంధన చేర్చింది.

ఇప్పుడు మన ఎం.ఆర్క్. పిల్లల ముందున్న జీవితం చూద్దాం. ఈ రెండేళ్ళూ గడిస్తే ఇక వాళ్ళకు జూరీ అంటూ ఉండదు. ఇల్లు కట్టించుకునేవారికి ప్లాన్ చదవడం సగమే వస్తుంది. మునిసిపాలిటీ వాళ్ళు సెట్‌బ్యాకులు కొలుస్తారుగానీ, మెట్ల మలుపులో తల తగులుతుందా అని అడగరు. అడిగేవాడు ఒక్కడే ఉంటాడు. "అమ్మా, ఇక్కడ తలకాయ తగుల్తదండి" అని సైటులో తాపీ మేస్త్రి చెబుతాడు. అప్పటికి సెంట్రింగు కొట్టి ఉంటుంది, స్టీలు కట్టి ఉంటుంది, ఎవరి డబ్బో ఖర్చయి ఉంటుంది.

మేస్త్రి పేరెత్తాను కాబట్టి ఆయన పని దగ్గర కొంచెం ఆగుతాను. ఇటుకలు నాలుగైదు వరసలు పేర్చగానే దారానికి వేలాడే తూకం గుండును గోడ పక్కన వదులుతాడు. బద్ద మీద రసమట్టం పెట్టి బుడగ నడిమికి వచ్చిందా అని చూస్తాడు. మూలకు మూలమట్టం ఆనిస్తాడు. తేడా ఉంటే తాపీ పిడితో ఇటుకను తట్టి సరిచేస్తాడు, మాలు ఇంకా పచ్చిగా ఉండగానే. చూసుకోమని ఎవరూ చెప్పరు, చూసుకున్నందుకు ఎవరూ మెచ్చుకోరు. పనిలో అది ఒక భాగం, ఇటుకకు మాలు పూయడం ఎలాగో అలాగే. గోడ లేచాక ఒకేసారి చూద్దామనుకునే మేస్త్రిని ఎవరూ పనిలోకి పిలవరు. మనం మాత్రం నాలుగు నెలల సెమిస్టరు మొత్తం గోడ లేపనిచ్చి, చివరి రోజున అయిదుగురు పెద్దమనుషుల్ని పిలిచి తూకం వేయిస్తాం.

అవధానం చూసినవారికి ఇంకో పోలిక తోస్తుంది. నిషిద్ధాక్షరి అంశంలో పృచ్ఛకుడు అడుగడుగునా ఒక అక్షరాన్ని నిషేధిస్తూ పోతాడు. అవధాని ఆ గండాలు దాటుతూనే గణాలు, యతి, ప్రాస తన చెవితో తాను సరిచూసుకోవాలి. ఎదుటి పరీక్ష ఎంత గట్టిదైనా, లోపలి చెవి లేనివాడికి పద్యం నిలవదు. ఆ చెవి వేదిక ఎక్కాక పుట్టదు, ఏళ్ళ తరబడి ఒంటరిగా పద్యాలు కట్టుకుని తనలో తాను చదువుకున్నప్పుడు పుడుతుంది. స్టూడియో అనేది ఆ ఒంటరి అభ్యాసానికి చోటు. వేదిక చేసేశాం దాన్ని.

డొనాల్డ్ షాన్ 1983లో రాసిన ది రిఫ్లెక్టివ్ ప్రాక్టీషనర్ పుస్తకాన్ని ఆర్కిటెక్చర్ అధ్యాపకులు తరచు తలుచుకుంటారు. అందులో ఒక స్టూడియో సంభాషణ ఉంది. విద్యార్థినిని పెట్రా అని, గురువును క్విస్ట్ అని పిలిచారు. పెట్రా ఏటవాలు స్థలంలో ప్రాథమిక పాఠశాల గీస్తోంది. చదివినవారంతా క్విస్ట్ నైపుణ్యం గురించి మాట్లాడతారు. స్థలం అడ్డదిడ్డంగా ఉన్నా ముందు ఒక క్రమం పెట్టుకుని, తర్వాత దాన్ని సడలించుకోవచ్చని ఆయన గీస్తూ చెప్పిన తీరు నిజంగానే గొప్పది. నాకు మాత్రం ఆయన నోరు తెరవకముందు పెట్రా అన్న మాటలు ముఖ్యం. భవనం ఆకారాన్ని వాలులోకి ఇమిడ్చాలని చూశాను, ఇమడలేదు అంది. ఆరు తరగతి గదులూ విడివిడిగా మరీ చిన్నవైపోయాయి, అందుకే రెండేసి కలిపి ఇంగ్లీషు ఎల్ అక్షరంలా మార్చాను అంది. ఇదీ స్వీయ మూల్యాంకనమంటే. చోటు చూపించింది, ఏం ప్రయత్నించిందో చెప్పింది, అది ఎందుకు కుదరలేదో చెప్పింది, ఇప్పుడు ఎక్కడ ఇరుక్కుందో చెప్పింది. గురువు చేయి పెట్టడానికి చోటు దొరికింది. ఆమె గనక నాలాగా చెట్టు గీసి ఉంటే, క్విస్ట్ ఎంత గొప్పవాడైనా ఏం నేర్పగలడు?

పేరున్నవాళ్ళకు కూడా తమ పనిని తాము తూచుకోవడం తప్పలేదు. లూయీ కాన్ సంగతి చెబుతాను. అహ్మదాబాద్ ఐఐఎం రూపకర్తగా ఆయన మనకు తెలుసు. 1974లో ఆ ఊరి నుంచి తిరిగి వెళుతూనే న్యూయార్క్ రైల్వే స్టేషన్లో ప్రాణం విడిచారు. ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆయన నడిపిన మాస్టర్స్ స్టూడియోకు ప్రపంచం నలుమూలల నుంచి విద్యార్థులు వెళ్ళేవారు. అదే ఆవరణలో ఆయన కట్టిన రిచర్డ్స్ వైద్య పరిశోధనాలయం ఉంది. 1961లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ ఆ ఒక్క భవనం మీదే ప్రదర్శన పెట్టింది. అంతటి కీర్తి. లోపల పనిచేసే శాస్త్రవేత్తలు మాత్రం ఎండ కళ్ళలో కొడుతోందని అద్దాలకు అల్యూమినియం రేకు కాగితాలు అతికించుకున్నారు. కాన్ ఒకే విశాలమైన స్టూడియోలా ఊహించిన ప్రయోగశాలల్ని అడ్డుగోడలు పెట్టి విడదీసుకున్నారు. పైకప్పు కింద అందంగా కనబడాలని వదిలిన గొట్టాల మీద దుమ్ము పేరుకుంది.

ఆ రోజుల్లోనే పోలియో టీకా కనిపెట్టిన జోనస్ సాల్క్ ఆయన్ను వెతుక్కుంటూ వచ్చి, కాలిఫోర్నియా సముద్రతీరాన పరిశోధనా సంస్థ కట్టమన్నాడు. 1965లో పూర్తయిన సాల్క్ ఇన్‌స్టిట్యూట్ సెక్షన్‌ను రిచర్డ్స్ సెక్షన్ పక్కన పెట్టి చూడండి. మా పిల్లలతో ప్రతి ఏడాదీ ఈ పని చేయిస్తాను. రిచర్డ్స్‌లో ఇబ్బంది పెట్టిన గొట్టాలకు సాల్క్‌లో ప్రత్యేకంగా ఒక అంతస్తే దక్కింది. ప్రతి ప్రయోగశాల నెత్తిన సుమారు 9 అడుగుల లోతున్న ట్రస్సులు, వాటి మధ్య మనిషి నిలబడి మరమ్మతు చేసుకునేంత చోటు. కింద ప్రయోగశాలలో స్తంభం అన్నది లేకుండా 65 అడుగుల వెడల్పు, ఎవరికి కావలసినట్టు వాళ్ళు మార్చుకోవచ్చు. శాస్త్రవేత్త ఒంటరిగా ఆలోచించుకునే గది వేరు, ప్రయోగం చేసే చోటు వేరు. అంతేకాదు, మధ్యలో ఒక దశలో, అంతా సిద్ధమయ్యాక, ఇది సరైనది కాదని సాల్క్‌కు అనిపించింది. కాన్ పాత పథకం పక్కన పెట్టి మళ్ళీ మొదలుపెట్టారు. నాలుగు భవనాలు రెండయ్యాయి, రెండు తోటలు ఒక్క ముంగిలి అయ్యాయి. సముద్రం వైపు తెరుచుకున్న ఆ ముంగిలినే ఇవాళ లోకమంతా వెళ్ళి చూసి వస్తోంది. రిచర్డ్స్ గురించి కాన్ ఎక్కడ ఏం ఒప్పుకున్నారో వెతకనక్కర్లేదు. ఒప్పుకోలు ఆ సెక్షన్‌లోనే ఉంది, అడుగులతో సహా.

వీటి ముందు, మా స్టూడియోలో నేను చేస్తున్న పని చిన్నదే. మాస్టారి ప్రశ్నకు కొంచెం చేర్పు చేశాను. జూరీకి వారం ముందు ఒక పేజీ చేత్తో రాయాలి. ఇంగ్లీషులో కాదు, ఇంట్లో మాట్లాడే భాషలో. మొదట్లో ఇంగ్లీషులోనే రాయించేదాన్ని. ఈ డిజైన్ కాంటెక్స్ట్‌కు రెస్పాండ్ అవుతుంది, సస్టెయినబుల్‌గా ఉంది, స్పేసెస్ ఇన్‌క్లూజివ్‌గా ఉన్నాయి అని ప్రతి పేజీ ఒకేలా వచ్చేది. పిల్లలు మోసం చేయడం లేదు. ఆ మాటలు తరగతిలో మేమిచ్చినవే, అవి దొరికాక ఆలోచన అక్కడే ఆగిపోతుంది. తెలుగులో రాయమన్న ఏడాది తరగతి అంతా చాలాసేపు కాగితం వైపు చూస్తూ కూర్చుంది. సస్టెయినబుల్‌గా ఉంది అన్నదాన్ని అమ్మకు చెప్పినట్టు చెప్పాలంటే ఏం చెప్పాలి? చివరికి ఒకబ్బాయి రాసింది ఇది. రోహిణీ కార్తెలో మధ్యాహ్నం మూడింటికి ఈ వరండాలో ఎవరూ కూర్చోలేరు, నేను గీసిన మనుషులు అక్కడ కూర్చుని నవ్వుతున్నారు. విజయవాడ ఎండ తిన్నవాడు తప్ప ఆ వాక్యం రాయలేడు. ఇంకొకమ్మాయి తన వృద్ధాశ్రమం ప్లాన్ గురించి, మా నానమ్మ రాత్రి లేచి బాత్రూముకి వెళ్ళాలంటే పదిహేడు అడుగులు గోడ పట్టు లేకుండా నడవాలి అని రాసింది. కేరళ నుంచి వచ్చిన విద్యార్థిని మలయాళంలో రాసి మాకు విప్పి చెప్పింది. వాన జల్లు వచ్చే దిక్కు ఏదో ఆమెకు తెలిసినట్టు మాలో ఎవరికీ తెలియదు.

తెలుగులో దాక్కోడానికి చోటు లేదని అనను. మన దగ్గర "పర్లేదు" ఉంది. అది బాగాలేదని చెప్పదు, బాగుందని చెప్పదు, తలుపు దగ్గరగా వేసేస్తుంది. ఆ మాట రాసిన కాగితం నేను తీసుకోను. "ఎక్కడ పర్లేదు? ఎవరికి పర్లేదు? ఏ వేళ?" అని అడిగి తిరిగి ఇచ్చేస్తాను.

దీనికి మార్కులు పెట్టమని నన్ను అడిగారు, పెట్టనన్నాను. పెడితే ఏమవుతుందో ఒక ఏడాది చూశాను. ధైర్యంగా మాట్లాడేవాళ్ళు తమకు తాము తొంభై వేసుకున్నారు. వాళ్ళకంటే మంచి పని చేసిన ఒక అమ్మాయి, ఊళ్ళో తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్ల, నలభై వేసుకుని కింద "అంతా తప్పే మేడమ్" అని రాసింది. ఆ కాగితం చూసినప్పుడు నాకు కలిగిన బాధ ఇప్పటికీ పోలేదు. ఆ పిల్ల లెక్క తప్పలేదు. తనను తాను తక్కువ చేసుకోవడమే మర్యాద అని ఇంట్లోనూ బడిలోనూ నేర్పాం, ఆ మర్యాదకు నేను మార్కులు కోశాను. ఆ రోజు ఆమె పక్కన కూర్చుని అడిగాను. "అంతా అంటే ఎక్కడమ్మా? వేలు పెట్టి చూపించు." రెండు చోట్ల పెట్టింది. రెండూ నిజమే. మూడో చోట పెట్టబోయి, "కాదు మేడమ్, ఇది బావుందనుకుంటా" అంది. తన మార్కెట్ యార్డులో హమాలీలు మూట దించుకుని నడుం వాల్చే అరుగు అది. తప్పును ఒక చోటికి కట్టేస్తే మిగతా డ్రాయింగు విడుదలవుతుందని ఆ పిల్ల దగ్గరే నేర్చుకున్నాను. అప్పటి నుంచి మా పేజీలో రెండు సగాలున్నాయి. నమ్మకం కుదరని చోటు ఒకటి, ఎవరేమన్నా మార్చనని నిలబడే చోటు ఒకటి.

ఇక కళాశాలల స్వీయ మూల్యాంకనం. ఇది నా ఉపన్యాసానికి అవతలి విషయంలా కనిపిస్తుంది, కానీ రోగం ఒకటే. అమెరికాలో నేషనల్ ఆర్కిటెక్చరల్ అక్రెడిటింగ్ బోర్డు 1940లో ఏర్పడింది. గుర్తింపు కావలసిన కళాశాల తన గురించి తానే ఒక సమగ్ర నివేదిక రాసి ఇవ్వాలి, తర్వాత సందర్శక బృందం వచ్చి చూస్తుంది. 2009 నిబంధనల్లో స్వీయ మూల్యాంకన విధానానికి ప్రత్యేకంగా ఒక విభాగమే ఉండేది.  ఆ పద్ధతిలో నాకు బాగా నచ్చినది వేరే ఉంది. సందర్శక బృందం వచ్చేనాటికి ఒక గదిలో విద్యార్థుల పనులు ప్రదర్శించేవారు. మంచి మార్కులొచ్చినవే పెడితే ఒప్పుకునేవారు కాదు. అత్తెసరు మార్కులతో గట్టెక్కిన పనులూ పక్కనే పెట్టాలి. కళాశాల కనీస మట్టం ఏమిటో ఆ గోడ మీద తెలిసిపోతుంది.

మన దగ్గర 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం కింద కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ తనిఖీలున్నాయి. 1994లో వచ్చిన, ఉన్నత విద్యాసంస్థలను మదింపు చేసే న్యాక్ కోసం సంస్థలు స్వీయ అధ్యయన నివేదిక రాస్తాయి. 2017లో తెచ్చిన మార్పులతో అందులో అంకెల పాలు బాగా పెరిగింది. ఆ నివేదికల తయారీలో నేనూ కూర్చున్నాను, పేజీలు రాశాను. అంకెలు సేకరించడం కష్టమైన పనే, అవసరమైన పనే. కానీ బృందం వచ్చే వారం ముందు గోడలకు సున్నం పడుతుంది, కుండీల్లో మొక్కలు వస్తాయి, నిరుటి బంగారు పతకం థీసిస్ ముఖద్వారం దగ్గరికి చేరుతుంది. అత్తెసరు థీసిస్ బీరువాలో ఉంటుంది. ఆ కుండీలను చూసినప్పుడల్లా నా నిద్రగన్నేరు గుర్తొస్తుంది. పిల్లలకు మనం నోటితో చెప్పే పాఠం ఒకటి, ఆ వారం రోజులూ కళ్ళారా చూపించే పాఠం ఇంకొకటి. వాళ్ళు రెండోదే నేర్చుకుంటారు.

ఇప్పుడు ఇంకో తొందర వచ్చిపడింది. నాలుగు మాటలు టైపు చేస్తే కంప్యూటరు నలభై ఎలివేషన్లు బొమ్మకట్టి ఇస్తోంది. చెట్లు కూడా తనే గీస్తుంది, నాకంటే బాగా. గీయడం ఇంత తేలికైనప్పుడు, నలభైలో ఏది ఎందుకు పనికిరాదో చెప్పగలగడమే మనిషి దగ్గర మిగిలిన పని. దాన్ని నేర్పడానికి మన సెమిస్టరులో ఎన్ని గంటలున్నాయో లెక్కవేసుకుంటే గుండె కలుక్కుమంటుంది.

మాస్టారి స్మారక నిధి నుంచి ఏటా ఉత్తమ థీసిస్‌కు బహుమతి ఇస్తున్నారు. నిర్వాహకులకు నాదొక విన్నపం. దాన్ని ఆపమనడం లేదు, పక్కన ఇంకొకటి చేర్చండి. మన పూర్వ విద్యార్థులు కట్టిన భవనాల్లో ఒకదానికి ఒక ఎం.ఆర్క్. విద్యార్థిని పంపండి. మూడు రోజులు పొద్దుట నుంచి రాత్రి దాకా అక్కడే కూర్చోనివ్వండి. ఎవరు ఏ కిటికీకి కాగితం అతికించుకున్నారో, ఏ తలుపు ఎప్పుడూ తీయరో, ఏ మెట్టు మీద ఎవరు కూర్చుంటారో రాసి, ఆ రాసినది కట్టినవారి ఎదుట చదవనివ్వండి. కట్టినవారు జవాబు చెప్పకుండా వినాలి. మొదటి భవనంగా నాది తీసుకోండి. పదేళ్ళ కిందట ఒక చిన్న ఆసుపత్రి కట్టాను, అక్కడి నర్సమ్మలు నాతో చెప్పని విషయాలు విద్యార్థికి చెబుతారు.

ఇంకో సంగతి. నా థీసిస్ షీట్లు ఇన్నేళ్ళూ అమ్మ ఇంట్లో అటక మీద ఉన్నాయి. మొన్న దింపాను. సెక్షన్ షీటు తెచ్చి బయట వరండాలో బోర్డుకు పెట్టాను. చెట్టు ఉన్న చోట ట్రేసింగ్ కాగితం అతికించి, దాని మీద మెట్లు గీశాను, బీమ్ గీశాను, మధ్యనున్న అయిదున్నర అడుగులు అంకె వేసి చూపించాను. పక్కన ఇంకో ట్రేసింగ్ ఉంది. పిల్లల విభాగం పోకుండా మెట్లు తిప్పడానికి దారి ఉందేమోనని ఈ వారం రోజులూ ప్రయత్నించాను. ఉత్తరం వైపు తిప్పితే తల తగలదు, కానీ పై హాల్లో ఒక కిటికీ పోతోంది. అది ఇంకా తేలలేదు. షీటు వెనక వైపు కూడా చూడొచ్చు, పిన్నులు వదులుగానే పెట్టాను. టీకి వెళ్ళేముందు విద్యార్థులు పెన్సిళ్ళు పట్టుకుని ఒకసారి అక్కడికి రండి.